పొగ అలారం కింద

దేశంకాని దేశంలో, ఈ టార్నీట్‌ ఊళ్లో, మా ఇంటి దేవుడు తువ్వాళ్ల అల్మారాలో ఉంటాడు. ఇల్లు కట్టినవాళ్లు పూజగది ఇవ్వలేదు కాబట్టి మా ఆయన పై అరలోని దుప్పట్లు తీసేసి పటాలు పెట్టారు. దాని ముందు నిలబడితే సరిగ్గా నడినెత్తిన పొగ అలారం. కర్పూరం వెలిగిస్తే అది ఊరుకునేది కాదు. అందుకని హారతి ఇవ్వడం ఆయన వంతు, పక్కన నిలబడి అలారం దగ్గర పొగ చెదిరేలా తువ్వాలుతో విసరడం నా వంతు. దేవుణ్ని నమ్మని మనిషికి మా ఇంట్లో దొరికిన కొలువు అది.

నేను పిల్లల ఆసుపత్రిలో నర్సును. ఉన్న కాస్త నమ్మకం ఆ వార్డులోనే పోయింది. పసిచేతికి నరం దొరక్క మళ్లీ మళ్లీ సూది గుచ్చాల్సి వచ్చిన రోజున ఇంటికొచ్చి ఆయనతో గొడవ పెట్టుకునేదాన్ని.

“ఆ పిల్ల ఎవరికేం చేసిందండీ? మీ దేవుడికి చేతకాదా, మనసు లేదా? రెండిట్లో ఏదో ఒకటి చెప్పండి.”

ఒకసారి ఆయన “పూర్వజన్మలో...” అని మొదలుపెట్టారు. “ఆ మాట వాళ్లమ్మ ముందు అనండి చూద్దాం” అన్నాను. మళ్లీ ఎప్పుడూ అనలేదు.

“నాకు తెలీదే. తెలీకుండానే దణ్ణం పెడుతున్నా” అనేవారు. ఆ మాటకు నాకు ఒళ్లు మండేది. అప్పుడు నవ్వుతూ తన బ్రహ్మాస్త్రం తీసేవారు. “అయినా లేడంటావుగా, లేనివాడి మీద అంత కోపమేంటే నీకు?”

చేతిలో తువ్వాలు ఆయన మొహాన కొట్టేదాన్ని.

ఆయనకు జబ్బు చేశాక కూడా మేం మానలేదు. కీమో పెట్టించుకుని వచ్చిన రోజున కుర్చీలో కూర్చునే హారతి ఇచ్చారు.

“ఇప్పుడైనా అడగండి, ఎందుకిలా చేశావని” అన్నాను.

“అడిగానే. చెప్పలేదు. నువ్వూ చాలాసార్లు చెప్పవు, నీతో కాపురం చెయ్యట్లా?”

నవ్వేశాను. వంటింట్లోకి వెళ్లి ఏడ్చాను.

పోయిన చలికాలంలో ఆయన పోయారు. పైనుంచి చూస్తుంటారని వచ్చినవాళ్లందరూ అన్నారు. నాకు తెలిసినంతలో ఆయన ఎక్కడినుంచీ చూడటం లేదు. లేరు, అంతే. అయినా ఇల్లంతా ఆయన గొంతు కోసం వెతుక్కుంటున్నాను. ఒక్కసారి నాతో పోట్లాడితే బాగుండునని ఉంటుంది.

ఆయన పుట్టినరోజున కర్పూరం నేనే వెలిగించాను. రెండు చేతులూ పళ్లానికే సరిపోయాయి. అలారం కూత మొదలుపెట్టింది. గదిలోంచి మా అమ్మాయి “మమ్, జస్ట్ ఓపెన్ ద విండో!” అని అరిచింది. నేను కదల్లేదు.

“ఇన్నేళ్లు నన్నిక్కడ నిలబెట్టి, ఇప్పుడు మీరెక్కడికి పోయారండీ?” అని కేకేశాను.

కేకేశాక తెలిసింది. ఆయన లేరు. కోపం ఉంది. లేని మనిషి మీద కూడా ఇంత కోపం వస్తుంది. ఆయన బ్రహ్మాస్త్రానికి జవాబు ఇన్నాళ్లకు దొరికింది, వాదన నేనే గెలిచాను. నాకు గెలవాలని లేదు. ఈ ఒక్క విషయంలో నేను చిత్తుగా ఓడిపోయి, ఆయన ఎక్కడో కూర్చుని నన్ను వెక్కిరిస్తుంటే చాలు.

అమ్మాయి పరుగున వచ్చింది. అల్మారాలోంచి తువ్వాలు లాగి, అలారం కింద విసరడం మొదలుపెట్టింది. కూత ఆగింది.

“మమ్, హూ వర్ యూ టాకింగ్ టు?” అంది.

“మీ నాన్నతో” అన్నాను.