పప్పు కొరికి చూసే సావిత్రమ్మ

జిన్నారం దాటి రెండు మలుపులు తిరిగేసరికి షేర్ ఆటో ముందు చక్రంలో గాలి పోయింది. డ్రైవరు దిగి టైరును ఒక తన్ను తన్నాడు. స్టెప్నీ కూడా నిన్ననే పంక్చరైన సంగతి అతనికి అప్పుడు గుర్తొచ్చింది. వెనక కూర్చున్న బీహారు కూలీలు నలుగురూ, ఫ్యాక్టరీ గేటు ఎంతో దూరం లేదంటూ నడుచుకుంటూ పోయారు. ఇద్దరు ఆడవాళ్లు, ఒక చిన్నపిల్ల మిగిలారు.

ప్రయాణంలో బండి చెడిపోవడం మంచిదని కొందరు దేశదిమ్మరుల నమ్మకం. కదిలే బండిలో ఎవరి ఫోను వాళ్లు చూసుకుంటారు. ఆగిన బండి దగ్గర మాట్లాడుకోక తప్పదు. నిషితకు మాత్రం ఆ నమ్మకం లేదు. ఆమెకు ఆరో నెల. ఒక చేతిలో నాలుగేళ్ల కూతురు వర్ష, ఇంకో చేతిలో బరువైన గుడ్డసంచి. రోడ్డు పక్క గోడ నీడలో ఒక బండరాయి చూసుకుని కూలబడింది. సంచిలోంచి గిన్నె గల్లుమంది.

పక్కనే వచ్చి కూర్చున్న పెద్దామె ఆ చప్పుడు వింది. అరవై అయిదు దాటిన మనిషి, అంచు వెలిసిన నేత చీర, చేతిలో ప్లాస్టిక్ బుట్ట.

“గిన్నె పట్టుకొని ఏడికి బిడ్డా? దావతుకా?”

“కాదమ్మా. ఇల్లు చూడనీకె పోతున్న.”

“ఇల్లు చూడనీకె గిన్నె ఎందుకు?”

“పప్పు వండి చూడనీకె.”

ఈ మాట విన్నవాళ్లంతా ఇంతవరకూ నవ్వారు. నిషిత భర్త చంద్రకాంత్ మొదటిసారి పడిపడి నవ్వాడు. పెద్దామె నవ్వలేదు. సంచివైపు చూసి, “కుక్కర్ తెచ్చినవా, ఉత్త గిన్నెనా?” అని అడిగింది.

“ఉత్త గిన్నెనే. కుక్కర్‌ల అయితె రాళ్లు గూడ ఉడుకుతయి.”

పెద్దామె అప్పుడు తల తిప్పి నిషితను నిండుగా చూసింది.

స్థలం మంచిదో కాదో తేల్చడానికి పాతకాలపు శాస్త్రాలలో ఒక ఉపాయం ఉంది. నేలలో మూరెడు గుంట తవ్వి, తీసిన మట్టినే మళ్లీ అందులో పోయాలి. మట్టి మిగిలితే మంచి నేల, సరిపోతే మధ్యస్థం, చాలకపోతే వదిలేయమన్నారు. ఆ శాస్త్రాలు రాసిన పెద్దలు పటాన్‌చెరులో కిరాయికి ఉండలేదు. ఉంటే, నీళ్లు మంచివో కావో ఉడికి చెప్పే కందిపప్పు గురించి కూడా ఒక అధ్యాయం రాసేవాళ్లు.

నిషిత నాలుగేళ్లుగా అక్కడ రెండు గదుల ఇంట్లో ఉంటోంది. బోరు నీళ్లు. చంద్రకాంత్ ఆ నీళ్లను సీసాలో పట్టుకెళ్లి పరీక్ష చేయించాడు. వాడుకోవచ్చని కాగితం వచ్చింది. కాగితం గోడకు అతికించి ఉంది, పొయ్యి మీద పప్పు గంటన్నర అయినా కంకరలాగే ఉంది. వర్ష మోచేతుల మీద దురద పొక్కులు లేచాయి. కొన్ని రోజులు నీళ్లకు ఒక వాసన, కొన్ని రోజులు గాలికి ఒక వాసన. చంద్రకాంత్ మందుల ఫ్యాక్టరీలో బాయిలర్ నడుపుతాడు. ఒక రాత్రి అతనే అన్నాడు: “బాయిలర్‌కు పెట్టే నీళ్లు దినాం రెండుసార్లు చెక్ చేస్త. గట్టి నీళ్లయితె దాని కడుపుల సున్నం కడతదని. ఇంట్ల నా బిడ్డ తాగేటియి ఎవలు చెక్ చేస్తున్నరు?” ఆ రోజునుంచి అతను పప్పు పరీక్షకు నవ్వడం మానేశాడు.

ఇప్పటికి పదకొండు ఇళ్లు చూశారు. తెల్లాపూర్‌లో పదిహేడో అంతస్తు. కిటికీలోంచి చూస్తే మబ్బులు మెట్ల మీదికి వచ్చినట్టు ఉంటుంది. నీళ్లు ట్యాంకరువి. ట్యాంకరు ఏ బావి దగ్గర నింపుకుంటుందని అడిగితే మేనేజరు కాఫీ తెప్పించాడు. వెలిమెలలో ఇల్లు బాగుంది, బోరు ఇంకా వేయలేదు. నెలాఖరుకు కిరాయి ఇల్లు ఖాళీ చేయాలి. కాన్పుకు ముందే ఎక్కడో ఒకచోట కుదురుకోవాలి. ఈ ఆదివారం చూసే పన్నెండో ఇల్లే ఆఖరిదని, ఇదీ కాకపోతే సోమవారం పొద్దున తెల్లాపూర్ కాగితాల మీద సంతకం పెడతానని చంద్రకాంత్ తేల్చి చెప్పాడు. నిషిత సరేనంది. సరేనన్నప్పటినుంచీ నిద్రపట్టలేదు.

“ఇయ్యాల్టిది ఏ ఊర్ల?” పెద్దామె అడిగింది.

“బొంతపల్లి ఇవతల చిన్న ఊరు. పాత పెంకుటిల్లంట, నడుమ మీద కప్పు లేని భవంతి, వెనక చేదబాయి. ఇల్లు మంచిదేనంట గాని, ఇంటామెనే జెర కష్టం.”

“ఏమైంది ఆమెకు?”

“నలుగురిని ఎల్లగొట్టిందంట. పిల్లలున్నరా, పొయ్యి ఏడ పెడతరు, భవంతి మీద రేకులు ఏస్తరా అని ఒకటే సవాళ్లంట. ఇల్లు అమ్ముతదా, సంబంధం చూస్తదా తెల్వది.”

“గట్లనా! మస్తు ఘాటు మనిషే ఉన్నట్టుంది.”

“ఫోన్‌ల వాళ్ల కొడుకు గూడ గదే చెప్పిండు. మా అమ్మతోని జెర నిమ్మళంగ మాట్లాడుండ్రి అన్నడు.”

“వాడు గట్లన్నడా?” అంది పెద్దామె. ఆ ‘వాడు’ నిషిత చెవిలో ఒక క్షణం ఆగింది కానీ, అంతలో ఇంకో ఆటో వచ్చింది.

ఇద్దరూ ఒకే ఊళ్లో దిగారు. ఒకే సందులోకి తిరిగారు. నిషిత నడక నెమ్మదైంది. సందు చివర బైకు మీద వచ్చిన చంద్రకాంత్ పెద్ద దర్వాజ ముందు నిలబడి ఉన్నాడు. పెద్దామె అతని పక్కనుంచి వెళ్లి, బుట్టలోంచి జానెడు తాళంచెవి తీసి, తలుపు తెరిచింది.

“రా బిడ్డా. ఎల్లగొట్టను,” అంది.

నిషిత మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వర్ష జడ సరిచేసింది.

ఆమె పేరు సావిత్రమ్మ. పదహారేళ్లప్పుడు ఈ గడప దాటి లోపలికి వచ్చింది. భర్త నాగేశ్వర్ కందులు కొని పప్పు పట్టించి అమ్మేవాడు. రైతులు బండ్ల మీద బస్తాలు దింపితే నాగేశ్వర్ తూకం చూసేవాడు. ఆమె అరుగు మీద కూర్చుని బస్తాకొక గింజ పంటికింద పెట్టేది. టక్కున విరిగితే పాతది. కొంచెం సాగి, తియ్యగా తగిలితే కొత్తది. ‘తక్కెడ నా చేతిల ఉంది, ధర్మం ఈమె నోట్ల ఉంది’ అని నాగేశ్వర్ రైతులతో నవ్వేవాడు. ముప్ఫయ్యేళ్ల కింద దుకాణం సంగారెడ్డి గంజు మార్కెట్‌కు మారింది. నాగేశ్వర్ పోయాడు. మోకాళ్లు మొరాయించాక ఆమె దుకాణం కొడుకు విఘ్నేశ్వర్‌కు అప్పగించింది. ఈ ఇంట్లో ఎనిమిదేళ్లుగా ఎవరూ లేరు. అయినా నెలకోసారి వచ్చి బావి తోడిపోతుంది. తోడని బావి, మాట్లాడని మనిషి రెండూ లోపల చెడిపోతాయని ఆమె లెక్క.

చంద్రకాంత్ దూలాలు తట్టి చూశాడు. వర్ష భవంతి మధ్య ఎండలో నిలబడి, ఇంట్లో ఆకాశం ఉందని కేకలేసింది. నిషిత మాత్రం అటూ ఇటూ చూడలేదు. చూస్తే నచ్చుతుందని భయం. నేరుగా బావి దగ్గరికి పోయి ఒక చేద నీళ్లు తోడించుకుంది. పక్కింటి కౌసల్య, బొంతపల్లి దారిలో ఫ్యాక్టరీకి పోయే మనిషి, ఆదివారం కాబట్టి ఇంట్లోనే ఉంది. కట్టెలు తెచ్చి పొయ్యి అంటించింది. నీళ్లు మరిగాక నిషిత సంచిలోని డబ్బా తీసి, పప్పు పోసి చిటికెడు పసుపు వేసింది.

అరగంట అయింది. నురగ వచ్చింది, పోయింది. ముప్పావు గంటకు నిషిత గరిటెతో నాలుగు గింజలు తీసి వేళ్ల మధ్య నలిపింది. నలగలేదు. గంట దాటింది. గంటంబావు అయింది. గిన్నెలో నీళ్లు ఒకవైపు, పప్పు ఒకవైపు, పడని అన్నదమ్ముల్లా ఉన్నాయి.

ఆఖరికి చంద్రకాంత్ మెల్లగా, “నడు నిషితా. పరేషాన్ కాకు. తెల్లాపూర్‌ల క్యాన్ నీళ్లు తెచ్చుకుందాం,” అన్నాడు. నిషిత తలూపింది. కళ్లు పొగకే మండాయన్నట్టు కొంగుతో తుడుచుకుంది. ఇల్లు ఎంత నచ్చిందో ఆమెకు అప్పుడు తెలిసింది.

సావిత్రమ్మ స్తంభానికి ఆనుకుని కూర్చుని ఉంది. “ఆ డబ్బా ఇట్ల తే,” అంది.

డబ్బాలో మిగిలిన పప్పులోంచి ఒక బద్ద తీసి, మిగిలిన పళ్లలో పనికొచ్చేదాని కింద పెట్టింది. టక్కుమంది. ఇంకోటి పెట్టింది. అదీ టక్కుమంది. గుప్పెడు తీసుకుని వాసన చూసింది.

“ఇది ఏడ కొన్నవ్ బిడ్డా?”

“మొన్ననే మా అమ్మ కొనిచ్చింది. సంగారెడ్డి గంజుల. మూల మీద పెద్ద గోడగడియారం ఉంటది చూడు, ఆ దుకాణంల. ఆడ పప్పు మంచిగుంటదని మా అమ్మకు నా చిన్నప్పటిసంది నమ్మకం.”

సావిత్రమ్మ చేతిలో పప్పు అలాగే ఉంది. ఆ దుకాణం ఎవరిదో అక్కడ ఆమెకు తప్ప ఎవరికీ తెలియదు. నీళ్లు మంచివి కావని వీళ్లు వెళ్లిపోతే వెళ్లిపోతారు. గోడౌనుకు అడుగుతున్నవాళ్లు ఉన్నారు, లేబర్ రూములకు అడుగుతున్నవాళ్లు ఉన్నారు. తాను నోరు విప్పకపోతే యాభై ఏళ్ల దుకాణం పేరుకు మట్టి అంటదు.

“అది మా దుకాణమే,” అంది. “ఇది పాత పప్పు. రెండేండ్లది. నేను కూసున్న దినాలల్ల గిసుంటి బస్తా గడప తొక్కకపోవు. ఇప్పుడు నా కొడుకు ఫోన్‌ల ఫోటో చూసి కొంటుండు. ఫోటోను పంటికింద పెట్టరాదు గద.”

కౌసల్య నోటిమీద చెయ్యి పెట్టుకుంది. “సావుకారమ్మా! నీ ఇంటి పప్పే నీ ఇంటి బాయిని బద్నాం చేసిందా!”

నిషిత నమ్మాలో లేదో తెలియనట్టు చూసింది. అమ్మేవాళ్ల నోట పన్నెండు ఇళ్లలో పన్నెండు రకాల మాటలు విన్న మనిషి.

“నా మాట నమ్మకు బిడ్డా,” అంది సావిత్రమ్మ. “నేను ఇల్లు అమ్మేటిదాన్ని. నువ్వే చూసుకో.”

చంద్రకాంత్ లేచి నిలబడ్డాడు. “ఉండుండ్రి. మా ల్యాబుల గిట్లనే చేస్తరు. తప్పు నీళ్లదా, సరుకుదా తెల్వకపోతె రెండు వేరువేరు పెట్టి చూస్తరు.” వర్ష కోసం కొని తెచ్చిన సీసా నీళ్లు ఒక గిన్నెలో పోసి, అందులో నిషిత డబ్బాలోని పప్పు వేశాడు. కౌసల్య పరుగున పోయి, తన చేనులో మొన్న సంక్రాంతికి ముందు కోసిన కందులు ఇసుర్రాయిలో పట్టిన పప్పు చేటలో తెచ్చింది. దాన్ని బావి నీళ్లలో వేశారు. పొయ్యి మీద గిన్నెలు రెండూ పక్కపక్కన ఎక్కాయి.

ఆ ముప్పావు గంటా నలుగురు పెద్దవాళ్లు రెండు గిన్నెల చుట్టూ కూర్చుని, పరీక్ష ఫలితాలకు చూసే పిల్లల్లా చూశారు. మధ్యలో కౌసల్య, “నీళ్లు కాదు గాని, మా సావుకారమ్మ చూపుకే పప్పు బిర్రబిగుసుకున్నట్టుంది,” అంది. “నీ నోట్లె నువ్వులు నానయి,” అంది సావిత్రమ్మ. నిషితకు నవ్వొచ్చింది, కానీ గిన్నెమీదినుంచి కన్ను తీయలేదు.

మొదట కౌసల్య పప్పు పగిలింది. తర్వాత అంచులు కరిగాయి. గరిటె వెనకవైపు ఒకసారి అదిమితే చాలు, మొత్తం వెన్నలా సర్దుకుంది. కొన్న సీసా నీళ్లలోని పాత పప్పు మాత్రం, చూసేవాళ్లకు లోకువ కాకూడదన్నట్టు, గింజగింజా విడివిడిగా నిలబడే ఉంది.

నిషిత గట్టిగా ఊపిరి వదిలింది. ఎన్ని నెలలుగా పట్టి ఉంచిన ఊపిరో అది. కడుపు మీద చెయ్యి వేసుకుని, వెనక్కి వాలి, మొదటిసారి ఇల్లు చూసింది: పొగచూరిన దూలాలు, చేతులు తగిలి నున్నబడ్డ స్తంభాలు, గోడలో దీపం గూళ్లు, నాలుగువైపులా వాలిన పెంకుల నడుమ తెల్లటి ఎండ. తమతో ఉండే అత్తకు ఆ చివరి అర్ర. ఉయ్యాల ఈ దూలానికి. వర్షకు మాత్రం చోటు చూడక్కర్లేదు. అది అప్పుడే భవంతి మొత్తం ఆక్రమించింది.

“నీళ్లకు కాగితం గూడ ఒకటి చేయిద్దాం,” అన్నాడు చంద్రకాంత్. “కాని రేపు తెల్లాపూర్ పోను.”

“చేయించుండ్రి. మంచిదే,” అంది సావిత్రమ్మ. “భవంతి మీద రేకులు ఏస్తరా?”

“ఎయ్యం,” అంది నిషిత.

“వానకు తడుస్తది మరి.”

“తడవనియ్యి అమ్మా.”

సావిత్రమ్మ తాళంచెవి దీపం గూట్లో పెట్టింది. కౌసల్య ఇంటినుంచి వేడన్నం, పచ్చిమిరపకాయలు వచ్చాయి. వర్ష రెండోసారి పప్పు వేయించుకుంది. ఇంట్లో పప్పంటే పెదవులు బిగించే పిల్ల అది. చంద్రకాంత్ ఉత్త పప్పే వేళ్లతో నాకి తిన్నాడు. నిషితకు నవ్వు ఆగలేదు.

సావిత్రమ్మకు వడ్డిద్దామని కంచం పట్టుకుని ఇటు తిరిగితే, స్తంభం దగ్గర ఆమె లేదు. బావి దగ్గరా లేదు. పాత పప్పు డబ్బా కూడా లేదు.

నిషిత కంచంతోనే గడప దాకా వచ్చింది. సందు చివర సావిత్రమ్మ నడుస్తోంది. మోకాళ్ల నొప్పి ఉన్న మనిషి నడకే, కానీ ఎక్కడా ఆగడం లేదు.

“అమ్మా! తిని పోరాదూ!”

ఆమె వెనక్కి చూడలేదు. రోడ్డెక్కి, సంగారెడ్డి వైపు పోయే బండికి చెయ్యి ఎత్తింది.