తప్పంతా తేమదే

జయరాజ్ సారుకు లోకంలో ఒకే ఒక్క శత్రువు: తేమ. ఏది చెడినా దాని పనే అంటారు. మొయినాబాద్ దగ్గర ఒకే కాలేజీలో ఆయనది కెమిస్ట్రీ ల్యాబు, నాది పక్క గదిలో ఇంగ్లిషు. గోడ సన్నం కాబట్టి సైన్సు నాకు ఉచితంగా అబ్బింది.

ఆయన యంత్రం పని ఇది: గ్యాసుల మిశ్రమంలో ఛార్జ్ ఉన్న అయాన్ వెళ్లి మామూలు అణువును గుద్దుకుంటే, ఏం పుట్టిందో బరువు తూచి చెబుతుంది. పిసరంత నీటి ఆవిరి దూరినా చాలు, ఎదుటివాళ్ల ప్రోటాన్ లాక్కుని తెర మీద పంతొమ్మిది దగ్గర గీతై నిలబడుతుంది. గాలి దూరితే గీతలు ఇరవై ఎనిమిది, ముప్పై రెండు దగ్గర. ఈ ముక్క చేవెళ్ల బస్సు కండక్టరుక్కూడా తెలుసు. సారు చెప్పకుండా దిగరు.

బండి మీద ముత్తమ్మ మిర్చి మెత్తబడితే, "నీ తప్పు గాదవ్వా, తేమ" అంటారు. అంతయ్య ఆటో స్టార్టు కాకపోతే తేమే. మండు వేసవిలో నేను పరీక్ష పేపర్లు ఆలస్యంగా దిద్దినా తేమే.

"పేపర్లకు తేమేంది సార్?"

"కాగితమే గదా. పీలుస్తది."

ఒకరోజు ఆయన దగ్గర పరిశోధన చేసే లిదియా, షాబాద్ బస్సు తొందరలో, నడుస్తున్న యంత్రానికి గాలి వాల్వు సరిగా బిగించకుండా వెళ్లిపోయింది. తెల్లారేసరికి గాలి దూరి లోపలి ఫిలమెంటు తీగ మాడి ఉంది. ఇంకో పొరపాటు జరిగితే ల్యాబు నుంచి పంపించేస్తానని ప్రిన్సిపాల్ కృష్ణయ్య గారు ఆమెకు ముందే చెప్పి ఉన్నారు. ఇప్పుడు ఆయనే స్వయంగా వచ్చారు. గొంతు వినిపించి నేనూ వెళ్లాను. లిదియా మూలకు నిలబడి ఉంది.

"ఎవరు చేసిన్రు?"

"తేమ సార్. పంతొమ్మిది చూడుండ్రి."

కృష్ణయ్య గారు వంగి చూశారు. మాడకముందు గీసిన గీతలు తెర మీద అలాగే ఉన్నాయి. పంతొమ్మిది దగ్గర ఎప్పుడూ ఉండే చిన్న గీత ఉంది. ఇరవై ఎనిమిది, ముప్పై రెండు కనిపించవు. ఆసరాకు ఆనించినట్టు సారు అరచెయ్యి సరిగ్గా వాటి మీదే ఉంది.

ప్రిన్సిపాల్ గారిది సివిల్ ఇంజినీరింగు. తేమ అంటే ఆయనకు గోడల భయం. స్లాబుకు పూత వేయిస్తానని చెప్పి వెళ్లిపోయారు.

సారును మహర్షిని చేసే ఉద్దేశం నాకు లేదు. అబద్ధమాడారు, అదీ చెయ్యి అడ్డం పెట్టి. కానీ అప్పుడే తట్టింది: ఇన్నేళ్లలో ఆ ల్యాబులో మనిషి తప్పు చేసినట్టు సారు నోట నేను ఒక్కసారీ వినలేదు. నా పేపర్లూ గుర్తొచ్చాయి.

"సార్, ఆ వాల్వు నేనే..." అంటుండగానే లిదియాకు కళ్లు నిండాయి.

సారు కంగారుగా యంత్రానికి అడ్డం వచ్చారు.

"జర అటు జరిగి ఏడ్వు బిడ్డా. తేమ తగుల్తది."