నేను వదిలేసిన ఇండస్ట్రియల్ సీటు

మొన్న పొద్దున మా మనవరాలు నంద్యాలలో మా ఇంటి వరండాలో ల్యాప్‌టాప్ ముందేసుకుని కూర్చుని, ఇంజినీరింగ్ కౌన్సెలింగులో ఏ కాలేజీ ముందు పెట్టాలి, ఏ బ్రాంచి వెనక పెట్టాలి అని వరసలు పైకీ కిందికీ జరుపుకుంటూ, ఉన్నట్టుండి నా వైపు తిరిగి, "తాతా, ఇండస్ట్రియల్ ఇంజినీరింగ్ మొదట పెట్టేదా?" అని అడిగింది. గడువు ఆ సాయంత్రం అయిదు గంటల వరకే. పిల్ల ఆషామాషీగా అడగలేదు. నోటుపుస్తకంలో పేజీ నిండా రాసుకుంది. ఆ బ్రాంచి ఉన్నది ప్రభుత్వ కాలేజీలో, ఫీజు వాళ్ళ నాన్న జీతంలోంచి అప్పు లేకుండా కట్టగలిగినంతే, చదివి బయటపడ్డవాళ్ళకు ఫ్యాక్టరీల్లో, గోడౌన్లలో, ఆఖరికి ఆసుపత్రుల్లో కూడా మంచి జీతాలు. రెండోది పట్నంలో ఒక ప్రైవేటు కాలేజీ, కంప్యూటరు బ్రాంచి, దాని ఫీజుకైతే మా అల్లుడు బ్యాంకు చుట్టూ తిరగాల్సిందే. ఇంత ఆలోచించుకుని చివరి మాటకు నా దగ్గరికి వచ్చింది, ఇంట్లో ఇంజినీరింగ్ చదివిన పెద్దమనిషిని నేనే కాబట్టి.

నేను చేతిలో పేపరు కూడా దించకుండా, "వద్దు లేమ్మా. కూలోళ్ల ఎంబడి గడియారం పట్టుకోని తిరిగేదానికి ఇంజినీరు కావల్నా?" అనేశాను. పిల్ల మొహం చిన్నబోయింది. ఆ వరసను అన్నిటికంటే కిందికి జరిపేసింది. వంటింట్లోంచి మా ఆవిడ గరిటెతో సహా గడప దాకా వచ్చి, నన్నొక చూపు చూసి లోపలికి వెళ్ళిపోయింది. ఆ మాట ఎప్పటిదో ఆమెకు తెలుసు. నలభై అయిదేళ్ళ కిందట, పొల్లు పోకుండా అదే మాట, ఆమె అన్న ఎదుటే అన్నాను నేను.

ఆమె అన్న అంటే ఆళ్లగడ్డలో మా మేనమామ కొడుకు. నాకంటే నెలల్లో చిన్న. మా మామ ఆళ్లగడ్డలో రాతి విగ్రహాలు చెక్కే శిల్పి, రోడ్డు పక్కనే రేకుల షెడ్డు. వేసవి సెలవులకు నేను అక్కడికి వెళితే, పొద్దున్నించి సాయంత్రం దాకా చెవుల్లో ఉలిచప్పుడే. మా బావమరిదికి మాత్రం ఉలి లొంగలేదు. ఓ మూల కూర్చుని, రాయి లారీలోంచి ఎక్కడ దిగుతోంది, చెక్కడానికి ఎక్కడికి దొర్లిస్తున్నారు, నునుపు పట్టడానికి మళ్ళీ ఏ మూలకు మోస్తున్నారు, అమ్ముడుపోయాక లారీ ఎక్కించడానికి మళ్ళీ ఎంత దూరం లాగుతున్నారు, ఇదే చూస్తూ ఉండేవాడు. ఒకసారి మామ రుద్రవరం పెళ్ళికి వెళ్ళిన రెండు రోజుల్లో, పనివాళ్ళను బతిమాలి నునుపు పట్టే చోటును రోడ్డు వైపుకి మార్పించాడు. మామ తిరిగొచ్చి కర్ర తీసుకున్నాడు గానీ, షెడ్డంతా ఒకసారి కలయదిరిగి, కర్ర గోడకు ఆనించి, స్నానానికి వెళ్ళిపోయాడు. ఆ చోటు మళ్ళీ వెనక్కి మారలేదు. ఆ రోజు వాడికి దెబ్బలు తప్పినందుకు నేను సంతోషించాలి గదా, నాకేమో లోపల ఎక్కడో గిట్టలేదు. నా కుళ్ళు అంత పాతది, దాచుకోవడం దేనికి.

మా నాయన నంద్యాలలో పత్తిమిల్లులో ఫిట్టరు. ఆ మిల్లులో టైంకీపరు ఒకడుండేవాడు. నా ఈడువాళ్ళలో మిల్లు లైన్లలో పెరిగినవాళ్ళకు అటువంటివాణ్ణి గురించి చెప్పక్కర్లేదు. చొక్కా జేబులో గడియారం, చెవి మీద పెన్సిలు, దూది ఏరే ఆడవాళ్ళ వెనక నిలబడి, మంచినీళ్ళకు లేస్తే నిమిషాలు రాసుకునేవాడు. మా నాయన అన్నం ముద్ద ముద్దకూ వాణ్ణి తిట్టేవాడు. మా ఇంట్లో గడియారం పట్టుకున్న మనిషంటే పనివాళ్ళ నోటికాడ కూడు లాక్కునేవాడే, ఇంకో అర్థం లేదు.

ఆ రోజుల్లో సీట్ల ఇంటర్వ్యూ అంటే ఒక పెద్ద హాలు, గోడకు నల్లబల్ల, దాని మీద కాలేజీ పేర్లు, ఒక్కో బ్రాంచికి ఎన్ని సీట్లు మిగిలాయో సుద్దముక్కతో అంకెలు. మార్కుల వరసలో పేరు పిలుస్తారు. లేచి వెళ్ళి, ఉన్నదాంట్లో ఒకటి చెప్పాలి, చెప్పిన మరుక్షణం గుమాస్తా ఆ అంకె తుడిచేస్తాడు. నేనూ మా నాయనా, మామా వాడూ కలిసే వెళ్ళాం. వరసలో వాడికంటే నేను అయిదుగురు ముందు. నా పేరు పిలిచేసరికి, మాకు ఫీజు అందుబాటులో ఉండే ప్రభుత్వ కాలేజీలో మిగిలింది ఇండస్ట్రియల్ ఒక్కటే, దాని కింద 'ఒకటి' అన్న అంకె. అదేం చదువని అడిగితే, బల్ల వెనక కూర్చున్నాయన మంచివాడే పాపం, ఒక పనిని మనిషికి శ్రమ తక్కువయ్యేట్టు, కాలం కలిసొచ్చేట్టు ఎలా చెయ్యాలో నేర్పే చదువని ఓపిగ్గా చెప్పాడు. వెనక నుంచి మా నాయన, "ఏందిరా అది? మా మిల్లులో టైంకీపరు చేస్తాండే పనే గదా?" అన్నాడు. అంతే, నాకెక్కడలేని పౌరుషం వచ్చి, హాలంతా వినబడేట్టు ఆ గడియారం మాట అనేశాను. నలుగురూ నవ్వారు. ఆ నవ్వు విని పొంగిపోయి వెనక్కి వచ్చి కూర్చున్నాను. కాసేపటికి వాడి పేరు పిలిచారు. చూస్తుండగానే ఆ అంకె తుడిచేశారు. బయటికి వచ్చాక వాడు నా చెయ్యి పట్టుకుని, "నువ్వు ఇడిసిపెట్టబట్టి దొరికింది బావా," అన్నాడు. వెటకారం కాదు, నిజంగా సంతోషంతోనే అన్నాడు. తిరుగు బస్సులో మా నాయనా నేనూ వాణ్ణి చూసి జాలిపడ్డాం కూడా.

తర్వాత నేను ఎక్కడో దూరంగా ఒక ప్రైవేటు కాలేజీలో డొనేషను కట్టి మెకానికల్ చదివాను. దానికోసం వెలుగోడు దోవలో ఉన్న ఇంటిజాగా అమ్మేశాం. ఇప్పుడక్కడ కల్యాణ మంటపం ఉంది. నా స్నేహితుల పిల్లల పెళ్ళిళ్ళు అందులో జరిగితే అక్షింతలు వేసి, భోజనానికి కూర్చోకుండా వచ్చేస్తాను. వాడి చదువుకు మామ ఒక్క రాయి కూడా తక్కువకు అమ్ముకోలేదు. చదువు అయిన ఏడాదే వాడికి పెద్ద మోటారు కంపెనీలో ఉద్యోగం. నాకు మా జిల్లాలోనే ఒక సిమెంటు ఫ్యాక్టరీలో రిపేర్ల విభాగం. అప్పటికే వాడి చెల్లెలు నా ఇల్లాలు. ఇక చూడండి నా అవస్థ. వాడు స్కూటరు కొన్నప్పుడు ఉత్తరం, జీతం పెరిగినప్పుడు ఉత్తరం, ఆమె పైకి చదివేది, నేను సైకిలుకు గాలి కొట్టుకుంటూ వినేవాణ్ణి. చెల్లెలికి వాడు మిక్సీ పంపితే, అందులో రుబ్బిన పచ్చడి నాకు చేదుగా ఉండేది. చేదని చెప్పి మారడిగి వేయించుకుని తినేవాణ్ణి. వాడి సుఖం మీద నేను కళ్ళల్లో నిప్పులు పోసుకున్నాను, ఇంతకంటే మర్యాదైన మాట నాకు దొరకడం లేదు.

అన్నిటినీ మించింది ఒకటి జరిగింది. నేను చేరిన పదకొండో ఏట, పనుల తీరు చూసి సలహా చెప్పడానికని మా యాజమాన్యం బయటినుంచి ఒక ఇంజినీరును పిలిపించింది. జీపులోంచి దిగింది వాడు. చేతిలో గడియారం. మా మేనేజరు తన కుర్చీ ఇచ్చాడు, నేను నూనెచేతులతో నిలబడ్డాను. పనివాళ్ళను పీకించడానికే వచ్చాడని నలుగురి చెవుల్లో నేనే వేశాను. ఆ పాపం నాదే. వాడు మూడు రోజులు నా విభాగంలో ఒక మూల నిలబడ్డాడు, చిన్నప్పుడు షెడ్డులో కూర్చున్నట్టే. వెళ్ళేరోజు నన్ను పక్కకు పిలిచి, "బావా, పానాలు ఆ కొస గదిలో పెట్టించినారు. మీవోళ్లు దినానికి ఎన్ని మార్లు ఆడికి పోయొస్తాండారో చూస్తివా?" అన్నాడు. నేను చూడలేదు. పదకొండేళ్ళు ఆ గది ముందు నుంచే నడిచాను. బోల్టులు బిగించే ఆ పానాల బీరువా మిషన్ల పక్కకు మారింది, ఒక్క మనిషి ఉద్యోగం కూడా పోలేదు, సాయంత్రం ఇంటికి పొయ్యేటప్పుడు కాళ్ళు గుంజడం తగ్గిందని మా ముసలి ఫిట్టరు వాడికి దణ్ణం పెట్టాడు. ఆ దణ్ణం చూసి నాకు కలిగిన కడుపుమంట వాడి స్కూటరు ఉత్తరం విన్నప్పుడు కూడా కలగలేదు. ఆ దణ్ణం మా నాయనకు కనబడి ఉంటే, గడియారం పట్టుకున్న మనిషి గురించి మా ఇంట్లో ఇంకో మాట కూడా పుట్టేది గదా.

ఇదంతా నెమరేసుకుంటూ నేను వరండాలోనే కూర్చుండిపోయాను. మధ్యాహ్నం మూడింటికి పిల్ల ఫోను పట్టుకుని మళ్ళీ వచ్చింది. ఉద్యోగం చాలించి ఆళ్లగడ్డలోనే ఉంటున్న మా బావమరిదికి, అంటే దాని ఆళ్లగడ్డ తాతకు, ఫోను చేసిందట. "నన్నెందుకు అడుగుతాండావ్ పాపా, ఆ సీటు ఇలువ మీ తాతకు తెల్సినంత నాకు తెలీదు, ఇంకోసారి ఆయన్నే అడుగు," అన్నాడట. అందులో ఏముందో పిల్లకు అర్థం కాలేదు. నాకు అర్థమైంది. ఆ రోజు హాల్లో నేనన్న మాట మా నాయన ఊరంతా చెప్పుకుని నవ్వాడు గానీ, వాడు ఇన్నేళ్ళలో ఒక్కసారి నా ముందు ఎత్తలేదు, ఇప్పుడు నా మనవరాలికీ చెప్పలేదు. నన్ను దెప్పడానికి ఇంతకంటే మంచి అవకాశం వాడికి రాదు, అయినా ఆ పిల్లను నా దగ్గరికే పంపాడు. అందుకు కూడా వాడి మీద కుళ్ళే పుట్టింది నాకు, నేనైతే అలా చేసి ఉండను కాబట్టి.

పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని నల్లబల్లతో మొదలుపెట్టి పానాల గది దాకా అంతా చెప్పేశాను. పొద్దున నేను చెప్పింది సలహా కాదని, మీ ఆళ్లగడ్డ తాత మీద ఓర్వలేనితనమని కూడా చెప్పాను. అది నవ్వకుండా విని, "ఆ కుళ్ళు ఇంకా ఉండాదా తాతా?" అని అడిగింది. ఉందన్నాను. లోపల గిన్నెల చప్పుడు ఆగిపోయింది, మా ఆవిడ వింటున్నట్టుంది.

అప్పుడా పిల్ల ఒక్క వేలితో, అన్నిటికంటే కింద పడి ఉన్న ఇండస్ట్రియల్‌ను పట్టుకుని, పైకి, ఇంకా పైకి, మొదటి వరసలోకి తెచ్చి పెట్టింది. గుమాస్తా లేడు, నవ్వడానికి హాల్లో నలుగురు లేరు, పొద్దున తప్పు చేస్తే సాయంత్రం అయిదింటి దాకా దిద్దుకోవచ్చు. కాలం మారిందని మనవాళ్ళంతా ఏవేవో చెప్పుకుంటారు గానీ, నాకు తెలిసిన మార్పు ఇదొక్కటే. మా కాలంలో నిలబడి ఆలోచించడానికి ఒక్క నిమిషం ఇచ్చేవాళ్ళు, దాన్ని నేను నలుగురిని నవ్వించడానికి వాడుకున్నాను. నలభై అయిదేళ్ళుగా నా బావమరిది జీతం చూసి ఏడ్చానే తప్ప, ఆ నిమిషాన్ని తలుచుకుని ఏడవలేదు. అయిదింటికి ఇంకా కొంచెం టైముందనగా, ఎందుకైనా మంచిదని, మొదటి వరస ఏముందో ఇంకోసారి చూపించమన్నాను. ఉంది. పిల్ల ల్యాప్‌టాప్ మూసేసి ఆడుకోవడానికి వెళ్ళిపోయింది. ఆ వేలిని తలుచుకుంటే నాకు ఈర్ష్యగా ఉంది.