కాటా మీద మా ఆవిడ

మా ఆవిడను యార్డులో అందరూ 'కాటా' అనే పిలుస్తారు. అది పాత ఇనుము, అట్టపెట్టెలు, తెగిన తీగలు కొనే యార్డు. రాగి తీగ చుట్ట కానీ, ఇత్తడి కుళాయిల గంప కానీ ఒకసారి చేత్తో ఎత్తి బరువు చెప్పేస్తుంది. తరవాత కాటా మీద పెడితే వంద గ్రాములు అటో ఇటో, అంతే. అట్టలకు నీళ్లు కొట్టి బరువు పెంచి తెచ్చేవాళ్లకు ఆమె అంటే హడల్. కట్ట మీద చెయ్యి వేసి, "ఏం అన్నా, దీనికి తలంటు పోసి తెచ్చావా? ఎండలో ఆరబెట్టు, మధ్యాహ్నం తూద్దాం" అంటుంది. వాళ్లు తల గోక్కుంటూ ఆరబెడతారు.

నేను అదే యార్డులో లారీలకు లోడు ఎత్తుతాను. మాకు పెళ్లయి పదిహేడేళ్లు. రెండుసార్లు కడుపు నిలిచి రెండుసార్లూ మూడో నెలలోనే పోయింది. అప్పట్లో ఏ ఆస్పత్రికీ వెళ్లలేదు, ఎవరికీ చెప్పుకోలేదు. మూడోసారి ఆమెకు ముప్పై ఎనిమిదో ఏట నెల తప్పింది. నేను లారీ మీద తాడు బిగిస్తున్నాను. కింద నిలబడి, "దిగు. ఈసారి ముందే చూపించుకుందాం" అంది. ఏం చూపించుకోవాలో అర్థం కావడానికి నాకు కాసేపు పట్టింది. అర్థమయ్యాక ఎలా దిగానో నాకే తెలియదు.

మా వీధి చివర ఆరోగ్య కేంద్రం రెండే గదులు. నర్సమ్మ మనిషి పొట్టి, గొంతు మాత్రం వీధి దాటుతుంది. నేను బయట బల్ల మీద కూర్చోబోతే, "ఏమయ్యా, ఎక్కడికి? సగం పని నీదే కదా, లోపలికి రా" అంది. వరసలో ఉన్న ఆడవాళ్లంతా నవ్వారు. లోపల ఎన్ని ప్రశ్నలో. ఆఖరుసారి నెలసరి ఎప్పుడు, ముందు పోయినవి ఎన్నో నెలలో, ఏం పని చేస్తావు, ఏం తింటావు. రక్తం తీశారు, మూత్రం పరీక్ష చేశారు, బీపీ చూశారు, ఎత్తు కొలిచారు, కాటా ఎక్కించారు. అన్నీ ఒక కార్డులో రాసి చేతికిచ్చారు.

మూడో నెల దాటింది. నాలుగో నెలలో నర్సమ్మ ఒక చిన్న మిషను పొట్ట మీద ఆనించి అటూ ఇటూ జరిపింది. ముందు గరగర, తరవాత టకటకటక, చిన్న డీజిల్ ఇంజను అందుకున్నట్టు. "ఇంత స్పీడా?" అన్నాను. "లోపల గుండె అలాగే కొట్టుకుంటుంది, నీ గుండె సంగతి చూసుకో" అంది నర్సమ్మ. ఆ రోజు యార్డులో ప్రతి లోడర్‌కీ ఆ చప్పుడు నోటితో చేసి వినిపించాను. మా మేస్త్రీ విసుగొచ్చి, "ఇంజను ఆపి సంచులు ఎత్తు బావా" అన్నాడు. ఐదో నెల స్కానింగులో వెన్నెముక, గుండె గదులు, చేతులు, కాళ్లు అన్నీ వరసగా చూసి బాగున్నాయన్నారు.

ఆరో నెల చివర బరువు దగ్గర బండి ఆగింది. నెలంతా కలిపి అరకిలో కూడా పెరగలేదు. "రెండు వారాల్లో మళ్లీ రా. అప్పటికీ కదలకపోతే లోపల బిడ్డ ఎదుగుతోందో లేదో పెద్దాస్పత్రిలో చూపించాలి" అంది నర్సమ్మ. నేను రోజూ గుడ్లు, పాలు తెచ్చాను. పెట్టినవన్నీ తినేది.

రెండు వారాల తరవాత వెళ్లాం. ఆమె కాటా ఎక్కింది. మూడు కిలోల రెండు వందలు పెరిగింది.

నాకు పట్టపగ్గాలు లేవు. "చూశారా నర్సమ్మా, నా గుడ్ల దెబ్బ" అన్నాను. నర్సమ్మ నవ్వలేదు. మా ఆవిడను కూర్చోబెట్టి పాదాల మీద బొటనవేలితో నొక్కి చూసింది.

"తలనొప్పి ఉందా? కళ్ల ముందు మసకలు? పైకడుపులో నొప్పి?"

"ఏమీ లేవు."

బీపీ రెండుసార్లు చూసింది, మూత్రం మళ్లీ పరీక్ష చేయించింది. అన్నీ బాగానే ఉన్నాయి, కానీ ఆమె మొహం మారలేదు. నా వైపు తిరిగింది.

"రెండు వారాల్లో ఇంత బరువు తిండితో రాదయ్యా. ఒంట్లో నీరు చేరితే వస్తుంది. బీపీ పెరిగితే ఇద్దరికీ ప్రమాదం. పెద్దాస్పత్రికి ఫోన్ చేస్తున్నా, బండి పంపిస్తారు. వాళ్లు చేర్చుకుంటారు."

మా ఆవిడ లేచి నర్సమ్మ చెయ్యి పట్టుకుంది.

"ఫోన్ వద్దు నర్సమ్మా. నీరు కాదు, ఇనుము."

"నేనిచ్చిన ఇనుము మాత్రలకు ఇంత బరువు పెరగరు."

"మాత్రలు కాదు. బోల్టులు."

పైన వేసుకున్న పని చొక్కా ఎత్తి, నడుముకు కట్టుకున్న గుడ్డ సంచి విప్పి బల్ల మీద పెట్టింది. బల్ల దడాలుమంది. లారీ చక్రాల బోల్టులు. "రెండు కిలోల ఏడు వందలు" అంది తల దించుకుని. నర్సమ్మ ఆ సంచిని పుట్టిన పిల్లలను తూచే కాటాలో పెట్టింది. సరిగ్గా రెండు కిలోల ఏడు వందలు.

"ఊరందరి మోసం పట్టేదానివట, ఇదేం పని? లేని జబ్బుకు నీకు మందులు మొదలుపెడితే ఏమయ్యేది?"

"బరువు పెరగలేదంటే మీరేం చెప్తారో నాకు తెలుసు. రెండు పోయాయి. ఇదీ పోతోందని కాటా ముల్లు చూపిస్తే చూసే ధైర్యం లేదు."

పదిహేడేళ్లుగా పక్కనే ఉన్నాను, ఆమె భయం నాకు ఇంత దగ్గరగా ఎప్పుడూ కనబడలేదు. నర్సమ్మ కుర్చీ లాక్కుని ఆమె ఎదురుగా కూర్చుంది.

"సరే. ఇంకేం దాచావో అదీ చెప్పు. తిట్టను."

ఒక్కొక్కటే బయటికొచ్చింది. మాత్రలు మింగితే కడుపులో మంట, విరేచనం గట్టిపడటం, అందుకని మూడు వారాలుగా మానేసింది. అంతకుముందు కూడా టీతో మింగేది. నేను లోడుతో బయటికెళ్లగానే సంచులు ఎత్తేది. లేచి నిలబడితే కళ్లు తిరిగేవి.

"ఇన్నాళ్లూ అడిగితే 'బాగున్నా' అన్నావు కదే పిల్లా" అంది నర్సమ్మ. మాత్రలు మానొద్దు, మంట పుడితే ఏదైనా తిన్నాక నిమ్మకాయ నీళ్లతో వేసుకో, టీ పాలు ఆ పూటకు దూరంగా పెట్టు, నీళ్లు బాగా తాగు, బరువులు ముట్టుకోకు అని కార్డు వెనక రాసింది. బోల్టులు లేకుండా మళ్లీ తూస్తే ఆ రెండు వారాల్లో అరకిలో పెరిగింది. "ఇదే నాకు కావలసింది. పిచ్చిదానా, నువ్వు నిజంగానే పెరిగావు" అంది. టేపుతో పొట్ట కొలిచి, వారాలకు సరిపోయిందని చెప్పింది. అయినా స్కానింగు చేయించమంది.

మర్నాడు వెళ్లాం. చీకటి గదిలో చల్లటి జిగురు పూసి తెర చూపించారు. నేను తెర చూడలేదు, డాక్టరమ్మ మొహమే చూశాను.

"ఎదుగుదల బాగుంది. కిలో దాటింది."

"దాటి ఎంత?" అంది మా ఆవిడ పడుకునే.

"ఇది అంచనా మాత్రమేనమ్మా. కిలో నూట పది."

మా ఆవిడ నా మణికట్టు పట్టుకుంది. ఇనుము ఎత్తే చెయ్యి కదా, పట్టిన చోట రెండు రోజులు కమిలి ఉంది. నాకు మాత్రం ఆ నొప్పి తగ్గకూడదనిపించింది.

అప్పటినుంచి ఏదీ దాచలేదు. కాలు కొద్దిగా వాచినా, దురద పుట్టినా నర్సమ్మకు చెప్పాల్సిందే. ఓనరు ఆమెకు స్టూలు వేసి తీగలు ఏరే పని ఇచ్చాడు. బిడ్డ తన్నితే పిలిచి నా చెయ్యి పెట్టిస్తుంది. "మావాడు ఇవాళ లోడింగుకి దిగాడా?" అని లోడర్లు రోజూ నన్నే అడుగుతారు.

ఈ రోజు పొద్దున చూపించుకోవడానికి వెళ్లాం, ముప్పై ఏడో వారం. నర్సమ్మ పొట్ట మీద రెండు చేతులూ పెట్టి, "తల కిందికి తిరిగింది" అంది. ఇక వారానికోసారి రావాలట. ఉమ్మనీరు పోయినా, రక్తం కనబడినా, బిడ్డ కదలిక తగ్గినా, తల పగిలేలా నొప్పి వచ్చినా ఆ క్షణమే బయల్దేరాలట. బట్టల సంచి సర్ది తలుపు పక్కన పెట్టాం.

దారిలో, "నేను రేపు పనికి వెళ్లనా, ఉండిపోనా?" అని అడిగాను.

"వెళ్లు" అంది. "కానీ ఫోన్ చొక్కా జేబులో ఉండాలి. అన్నం డబ్బాతో పాటు మూల పడేశావంటే, ఆస్పత్రికి ఒక్కదాన్నే పోతా, బిడ్డ పుట్టాక వారంపాటు నీకు చూపించను."

నవ్వుతూ అంది. నడక మాత్రం ఆపలేదు.