వెలిగించని కాగడా, వేడెక్కిన ఇంజను

నేను దెయ్యాలను నమ్మను. భయపడేవాళ్ళు కూడా ఇదే మాటతో మొదలుపెడతారని తెలుసు కాబట్టి కారణం చెబుతాను. నా జీవితమంతా బెజవాడ ఆటోనగర్‌లో డీజిల్ ఇంజన్లు విప్పడంతోనే గడిచింది. ప్రమాదాల్లో నుజ్జయిన లారీలు మా షెడ్డుకే వచ్చేవి. మనుషులు పోయిన ఆ క్యాబిన్లలోనే మధ్యాహ్నం అన్నం తిని కునుకు తీసేవాణ్ణి. ఏ దెయ్యమూ నా నిద్ర చెడగొట్టలేదు. చెడగొట్టినవి దోమలే.

ఇప్పుడు కూడా నమ్మను. ఇది చదివాక ముసలాడు మారిపోయాడని ఎవరైనా అంటే వాళ్ళతో గొడవ పెట్టుకోవడానికి సిద్ధంగా ఉన్నాను.

పని మానేశాక మైలవరం అవతల మా ఊరొచ్చి ఉంటున్నాను. నాకొక పాత పికప్ ఉంది. దాన్ని చాలాకాలం ఏసోబు నడిపాడు. అతను జబ్బుచేసి పోయాక నేనే నడుపుకుంటున్నాను. ఏసోబు భార్య మార్తమ్మ మా వెనక వీధిలోనే ఉంటుంది. అతను పోయిన తర్వాత ఆమె ఇల్లు గడుస్తున్నది ఒక్క గేదె పాల మీదే. పోయిన చలికాలంలో ఆ గేదె ఈనడానికి కష్టపడింది.

పశువుల డాక్టరు సాయంత్రమే వచ్చి చూశాడు. దూడ అడ్డం తిరిగిందన్నాడు. ఆపరేషన్ చేయాల్సి రావచ్చు, ఇక్కడ కుదరదు, తెల్లారగానే మైలవరం ఆసుపత్రికి తీసుకొచ్చేయండి, ఆలస్యమైతే రెండు ప్రాణాలూ దక్కవు అని చెప్పి వెళ్ళాడు.

తెల్లారింది. ఆ చలికి ట్యాంకులో డీజిల్ నెయ్యిలాగా పేరుకుపోయింది. ఇది నేను ఏడాదిగా అందరికీ చెబుతున్న మాట. అబద్ధం. మన దగ్గర డీజిల్ పేరుకోదు. మంచు దట్టంగా పట్టింది, స్వెట్టర్ వేసుకునేంత చలి ఉంది, అంతే. కానీ నా బండికి ఆ మాత్రం చలి చాలు. ఎందుకో చెబుతాను.

డీజిల్ ఇంజనులో హీటర్ ప్లగ్గులని ఉంటాయి. తాళం తిప్పగానే అవి ఎర్రగా కాలి లోపల వేడి పుట్టిస్తాయి. చల్లటి ఇంజను అందుకోవడానికి అదే ఆధారం. నా బండిలో నాలుగు ప్లగ్గులూ ఎప్పుడో మాడిపోయాయి. మార్చలేదు. బెజవాడ ఎండలు తిన్నవాడెవడూ మార్చడు. మార్చమని అడిగినవాళ్ళకి నేనే చెప్పేవాణ్ణి, ఇదేమన్నా కాశ్మీరా అని. ఏడాదంతా అవి లేకుండానే నడుస్తుంది. నడవనిది చలికాలంలో ఓ నాలుగు పొద్దులే.

అంతకంటే పెద్ద తప్పు ఇంకొకటి చేశాను. బండి వెనక భాగం మట్టి గట్టుకి ఆనించి ఉంది, గేదెను ఎక్కించడానికి వీలుగా. ముందు ఇంజను స్టార్ట్ చేసి చూసుకోవాలి కదా. ట్రాక్టర్ నడిపే చిట్టిబాబు అదే అన్నాడు.

"బాబాయ్, ముందు ఒకసారి సెల్ఫు కొట్టి చూడు."

"నా బండి సంగతి నాకు చెబుతావేంట్రా? అరసెల్ఫుకే అందుకుంటది. ఎక్కించండి."

ఎక్కించారు. ఆ గేదెను పైకి చేర్చేసరికి అందరికీ ఆ చలిలో చెమటలు పట్టాయి. నేను దర్జాగా కూర్చుని తాళం తిప్పాను. సెల్ఫు ఈడ్చి ఈడ్చి మూలిగింది. మళ్ళీ తిప్పాను. ఆ మూలుగు కూడా ఆగిపోయింది.

నెట్టి లేపుదామంటే ముందు రోడ్డుకి ఎక్కే ఎత్తు. నొప్పులు పడుతున్న గేదె లోపల నిలబడి ఉంది. కుదుపుకి కిందపడితే ఇక లేవదు. దించి మళ్ళీ ఎక్కించే ఓపిక దానికి లేదు. ఊళ్ళో ఉన్న ఇంకో పికప్ ముందు రోజే ఇబ్రహీంపట్నం బాడుగకు పోయింది.

చిట్టిబాబు ట్రాక్టర్ తెచ్చాడు. దాని బ్యాటరీ నుంచి వైర్లు వేశాం. ఈసారి సెల్ఫు గిర్రున తిరిగింది. పొగ గొట్టం నుంచి తెల్లటి పొగ వచ్చింది కానీ ఇంజను అందుకోలేదు. డీజిల్ పైపులో గాలి చేరిందేమోనని ఫిల్టర్ మీది పంపు నొక్కి తీశాను. మళ్ళీ తెల్ల పొగే. డీజిల్ లోపలికి వెళుతోంది, మండటం లేదు. ఇంజను చల్లగా ఉందని దాని అర్థం.

"ఆటోనగర్ మొత్తం నీ చేతిలో ఉందన్నావుగా బాబాయ్," అన్నాడు చిట్టిబాబు.

నేను బండిని తిట్టాను. రాయదగిన తిట్లు కావు. మార్తమ్మ బండి మీద గేదె మెడ పట్టుకుని కళ్ళు మూసుకుని ఉంది.

ఒక పాత పద్ధతి ఉంది. గుడ్డ డీజిల్‌లో ముంచి కాగడాలాగా వెలిగించి, ఇంజనుకి గాలి వెళ్ళే గొట్టం దగ్గర పెడితే వేడిగాలి లోపలికి పోయి అందుకుంటుంది. ఆ గొట్టం విప్పాను. విప్పేటప్పుడు ఇంజను మీద చెయ్యి పెట్టాను. మంచుకి తడిసి చల్లగా ఉంది. ఇది గుర్తుపెట్టుకోండి.

గుడ్డ కోసం ఇంటి వెనక్కి వెళ్ళాను. పాత లుంగీ చింపి, కర్రకి చుట్టి, డీజిల్‌లో ముంచి తెచ్చాను. అంతకంటే ఆలస్యం చేయలేదు. చిట్టిబాబు బండి వెనక గేదె తాడు పట్టుకుని ఉన్నాడు. మార్తమ్మ పైనుంచి కదల్లేదు. ఇంకెవరూ లేరు. ట్రాక్టర్ వైర్లు తీసేసి ఉన్నాయి. తాళం నా జేబులో ఉంది.

కాగడా వెలిగించబోతూ రెండో చెయ్యి ఇంజనుకి ఆనించాను. చురుక్కుమంది.

చెయ్యి కాలి బొబ్బలెక్కిందని మొన్నటిదాకా చెప్పాను. బొబ్బలు రాలేదు. కానీ ఆనించి ఉంచలేకపోయాను. మైలవరం దాకా పోయి వచ్చిన ఇంజను ఎంత వేడిగా ఉంటుందో అంత వేడిగా ఉంది. మంచు తడి ఎక్కడా లేదు. రేడియేటర్ మూత గుడ్డతో పట్టుకుని కాస్త వదులు చేస్తే బుస్సుమని ఆవిరి వచ్చింది.

ఆలోచించే సమయం కాదది. గొట్టం బిగించాను. మళ్ళీ వైర్లు తగిలించమని చిట్టిబాబుని కేకేసి, తాళం పెట్టి తిప్పాను. వేడి చూపించే ముల్లు సగానికి లేచింది. ఎర్ర గీత దాటిందని కూడా చెప్పి ఉంటాను, కానీ సగమే. ఇంజను అందుకుంది. నిజంగానే అరసెల్ఫుకి.

మైలవరంలో డాక్టరు గేదెను, దూడను రెండింటినీ బతికించాడు. పెయ్యదూడ. చేతులు కడుక్కుంటూ, ఇంత చలిలో ఈ బండి ఎలా లేచిందండీ అని నన్ను అడిగాడు.

"కాగడా పెట్టి లేపానండీ," అన్నాను. నోట్లోంచి అదే వచ్చింది.

ఆ మాట ఊళ్ళో తిరిగింది. ఆటోనగర్ దాకా కూడా వెళ్ళింది, నేనే ఫోన్ చేసి చెప్పాను కాబట్టి. చెప్పిన ప్రతిసారీ కాగడా మంట కాస్త పెరిగింది. ఒకసారి నా మీసం కూడా కాలింది.

ఈ చలికాలం మొదలైనప్పుడు ఎందుకో ఆ అబద్ధం మళ్ళీ చెప్పబుద్ధి కాలేదు. టీ బంకు దగ్గర చిట్టిబాబుతో నిజం చెప్పేశాను. కాగడా నేను వెలిగించనే లేదు, అగ్గిపెట్టె కూడా తెరవలేదు అని. ఏడాది పాటు నా అబద్ధం నోరు తెరుచుకుని విన్నవాళ్ళు నిజం చెబితే నవ్వారు. చిట్టిబాబు నవ్వలేదు. సాయంత్రానికల్లా ఏసోబే తన గేదె కోసం వచ్చాడని ఊరంతా చాటేశాడు.

నేను ఒప్పుకోను. ఏసోబు బతికుండగా ఒక్క పొద్దు కూడా ఇంజను వేడి చేసి ఎరుగడు. బ్యాటరీ చచ్చేదాకా సెల్ఫు కొట్టి, తర్వాత నన్ను పిలిచేవాడు. చచ్చాక పని నేర్చుకున్నాడంటే నమ్మమంటారా?

ఈ ముక్క ఊరివాళ్ళ నోటి నుంచి వినేలోపు నేనే చెబుదామని మార్తమ్మ దగ్గరికి వెళ్ళాను. పేడ ఎత్తుతోంది.

"మార్తమ్మా, ఆ రోజు బండి లేపింది నేను కాదు."

"తెలుసండి."

"ఏం తెలుసు?"

"డీజిల్ గుడ్డ ముట్టించినోళ్ళ చేతులకి మసి అంటదాండీ? ఆస్పత్రి కాడ మీ చేతులు చూశాను."

"మరి ఏడాది నుంచీ ఎందుకు ఊరుకున్నావ్?"

"నా గేదె బతికింది. మీరేమో సంతోషంగా చెప్పుకుంటున్నారు. మిమ్మల్ని చిన్నబుచ్చడం ఎందుకని."

"ఊళ్ళో ఏసోబు అంటున్నారు."

"ఆయనా?" అని నవ్వింది. "ఆయనకి అంత ఇంజను తెలిస్తే మీ దగ్గర అన్ని తిట్లు ఎందుకు తింటాడండీ?" తట్ట పక్కన పెట్టి చేతులు దులుపుకుంది. "పైన నేను ప్రార్థన చేసుకుంటన్నాను. కింద మీరు బండిని తిడతన్నారు. ఎవరి మాట ఎవరికి వినపడిందో నాకెందుకండీ, బాబాయి గారూ."

ఆమె అలా వదిలేయగలదు. నా వల్ల కాదు. ఆ బండిని రెండుసార్లు పూర్తిగా విప్పాను. ప్లగ్గులు నాలుగూ చచ్చే ఉన్నాయి. వైర్లు ఎక్కడా కాలలేదు. దానంతటది వేడెక్కే దారి ఆ ఇంజనులో లేదు. దెయ్యమంటే ఒప్పుకోను. ప్రార్థనకి రేడియేటర్ మరుగుతుందంటే అదీ ఒప్పుకోను. సెల్ఫు ఎక్కువ కొట్టడం వల్లే వేడెక్కిందని చెప్పేవాళ్ళుంటే ఒక చలి పొద్దున మా ఊరు రండి, బండి ఇస్తాను, బ్యాటరీ చచ్చేదాకా కొట్టుకోండి.

మరి ఏమిటని అడిగితే నా దగ్గర జవాబు లేదు. ఒక డీజిల్ ఇంజను గురించి నాకు తెలియదని నేను రాసి ఇవ్వడం ఇదే మొదటిసారి. ఆ మాట రాయడం నాకెంత కష్టమో నాతో పనిచేసినవాళ్ళకి తెలుసు. ఇందులో మాత్రం ఒక్క అక్షరం పెంచలేదు.