నడికుడి వాళ్ల గొడుగు

పోయిన నెలలో మా అక్క మనవరాలు హైదరాబాదు నుంచి సెలవు పెట్టుకుని నరసరావుపేటలో మా ఇంటికి వచ్చింది. బావ పోయినప్పటి నుంచీ అక్క నా దగ్గరే ఉంటోంది కాబట్టి అమ్మమ్మను చూడటానికి వచ్చానంది గానీ, వచ్చిన దగ్గర్నుంచీ పిల్ల కళ్లు ఫోను మీదే ఉన్నాయి. అన్నం తినేటప్పుడూ అదే, దండెం మీద బట్టలు తీసేటప్పుడూ అదే. గట్టిగా అడిగితే చెప్పింది. ఏడాదిగా మాట్లాడుకుంటున్న అబ్బాయి, పెళ్లి దాకా వెళ్లిన మాటలు, ఉన్నట్టుండి ఆపేశాడట. గొడవ లేదు, మాటామాటా అనుకున్నది లేదు. మెసేజ్ పెడితే జవాబు లేదు, ఫోను చేస్తే ఎత్తడు. దీన్ని ఇప్పుడు ఘోస్టింగ్ అంటారని, దయ్యంలా మాయమైపోవటమని, ఏ స్వభావం ఉన్నవాళ్లు దీన్ని ఎలా తట్టుకుంటారో చెప్పే వీడియోలు బోలెడున్నాయని కూడా చెప్పింది. పిల్ల బాధ చూసి నవ్వు ఆపుకున్నాను గానీ, ఈ విద్య మా పల్నాడులో పెళ్లిచూపులంత పాతది. పేరు పెట్టటమే కొత్త.

నా ఈడు వాళ్లకు ఇది వివరించి చెప్పక్కర్లేదు. పెళ్లిచూపులకు వచ్చిన వాళ్లు పిల్లను చూసి, కాఫీ తాగి, లేచి వెళుతూ గుమ్మం దగ్గర నిలబడి ఇంటికెళ్లి కబురు చేస్తాం అనేవాళ్లు. ఇష్టమైతే కబురు వచ్చేది, లేకపోతే ఏమీ వచ్చేది కాదు. ఆడపిల్ల తల్లిదండ్రుల మొహం మీద వద్దని చెప్పటం మోటని, చెప్పకుండా ఊరుకోవటమే మర్యాదని అందరి లెక్క. ఎన్నాళ్లు కబురు రాకపోతే వద్దని అర్థమో మాత్రం ఎవరూ తేల్చలేదు. ఈ లోపల ఇంకో సంబంధం వాళ్లను గడప తొక్కనివ్వకూడదు. ఒకళ్ల మాట మీద ఉండగానే ఇంకొకళ్ల ముందు పిల్లను కూర్చోబెట్టారన్న పేరు వచ్చిందంటే ఆ ఇంటి మాటకు విలువ పోయినట్టే.

మేము అప్పుడు కారంపూడిలో ఉండేవాళ్లం. నాన్న ఎరువుల కొట్లో గుమాస్తా. అక్క ఇంట్లోనే మిషను కుట్టేది. ఆ వీధిలో ఆడవాళ్ల జాకెట్లన్నీ ఆమె చేతి మీదుగా వెళ్లినవే. నేను ఇంకా చదువుకుంటున్నాను. మంచి ఎండల్లో ఒకరోజు నడికుడి నుంచి రైల్వేలో పనిచేసే అబ్బాయి, వాళ్ల అమ్మానాన్నలతో కలిసి అక్కను చూడటానికి వచ్చాడు. అబ్బాయి తలెత్తి అక్కను చూశాడు, అక్క కూడా తలెత్తి చూసింది, ఆ ఇద్దరినీ తలుపు సందులోంచి నేను చూశాను. అక్కకు నచ్చాడని నాకు అప్పుడే తెలిసింది. బస్సుకు వేళయిందని వాళ్లు హడావిడిగా వెళ్లిపోయాక చూస్తే, అబ్బాయి తండ్రి ఎండకు తెచ్చుకున్న నల్ల గొడుగు, వంకీ తిరిగిన వెదురు పిడిది, అరుగు మీద గోడకు ఆనించి ఉంది.

బస్టాండు దాకా పరిగెత్తి ఇచ్చి వద్దామని నేను చెప్పులేసుకుంటే నాన్న ఆపాడు. చూపులకు వచ్చిన ఇంట్లో వస్తువు మర్చిపోయారంటే మళ్లీ వస్తున్నారన్న మాటేనట. మనంతట మనం తీసుకెళ్లి ఇస్తే, మీ సంబంధం మాకు అక్కర్లేదని చెప్పినట్టు అవుతుందట. అమ్మ కూడా అవునంది. గొడుగును పొడి గుడ్డతో తుడిచి నట్టింట్లో కొక్కేనికి తగిలించారు.

వేసవి పోయింది, మిరప నార్లు పోసే రోజులొచ్చాయి, కబురు రాలేదు. మా ఇంట్లో ఎవరి నైజం ఏమిటో అప్పుడు బయటపడింది. నాన్న అవతలి వాళ్ల తరఫున వకాల్తా పుచ్చుకున్నాడు. రైల్వే వాళ్లకు సెలవులు దొరకవనేవాడు, ఆషాఢంలో శుభం మాట్లాడరనేవాడు, వాళ్లింట్లో ఎవరికో ఒంట్లో బాగా లేదేమో పాపం అనేవాడు. కొట్టు పని ఉందని చెప్పి నడికుడి వెళ్లి, ప్లాట్‌ఫారం మీద టీ తాగి, రైల్వే క్వార్టర్ల వైపు కాసేపు చూసి, ఎవరినీ ఏమీ అడక్కుండా తిరిగొచ్చేవాడు. అమ్మ మాత్రం వాళ్లు రేపే వస్తున్నట్టు బతికింది. గోడలకు సున్నం వేయించింది, డబ్బాలో బొంబాయి రవ్వ తరిగిపోతుందని మాకు ఉప్మా చేయటం మానేసింది. నానమ్మ మొదటి నెల తిరక్కుండానే తిట్టటానికి దిగింది. "ఏందే ఆ పిల్లోడి చెవులు, చాటలంత ఉన్నయ్. పోతే పీడా పోయింది" అని అరుగు మీద కూర్చుని వచ్చేపోయే వాళ్లందరికీ చెప్పేది. చూపుల నాడు ఆ చెవులనే చూసి మహా జాతకుడని మెచ్చుకున్నదీ ఆమే. నేనేమో కథలల్లే రకం. అబ్బాయికి బదిలీ అయిందని, కబురు తెస్తున్న మనిషి దారిలో జబ్బు పడ్డాడని, అక్క పక్కన కూర్చుని జాకెట్లకు హుక్సులు కుడుతూ రోజుకో కథ చెప్పేదాన్ని. అక్క వినేది, ఏమీ అనేది కాదు, మిషను మాత్రం మునుపటి కంటే వేగంగా తొక్కేది. అది ఓపిక అనుకున్నాం అందరం.

వానలు పడ్డాక ఇంకో తమాషా. మా ఇంట్లో ఉన్న ఒక్క గొడుగూ ఊచలు విరిగి మూల పడింది. నాన్న కొట్టు నుంచి నిలువునా తడిసి వచ్చి, సరిగ్గా ఆ కొక్కెం కిందే నిలబడి తల తుడుచుకునేవాడు గానీ, వాళ్ల గొడుగు మీద చెయ్యి వేసేవాడు కాదు. వాడితే పాతబడుతుంది, పాతబడిన గొడుగు వియ్యంకుడికి ఎలా ఇస్తాం అని ఆయన బాధ.

అటువంటి రోజుల్లో మాచర్ల నుంచి మా మేనత్త ఒక సంబంధం మాట తెచ్చింది. నాపరాళ్ల పాలిష్ మిషను ఉన్న అబ్బాయి, ఎవరి పెళ్లిలోనో అక్కను చూసి ఇష్టపడ్డాడు. నడికుడి వాళ్ల సంగతి తేలితే వస్తారు, శ్రావణం వెళ్లేలోపు తేలకపోతే వేరే చోట చూసుకుంటారు. నాన్న ఇంకొన్నాళ్లు చూద్దామని నసిగాడు. అత్తకు ఒళ్లు మండింది.

"వద్దని వాళ్లూ చెప్పరు, తేల్చమని నువ్వూ అడగవు. మధ్యలో ఈ పిల్ల ఏమైపోవాలిరా?" అంది.

పక్క గదిలో మిషను ఆగిపోయింది. మళ్లీ ఆ రోజు అది నడవలేదు.

మర్నాడు అక్క, గురజాలలో దారాలు కొనాలని చెప్పి నన్ను తోడు తీసుకుని బయల్దేరింది. బస్సెక్కాక గానీ నేను చూడలేదు, పాత చీర ముక్కలో చుట్టి గొడుగు తెచ్చిందని. గురజాలలో దిగి దారాల కొట్టు వైపు వెళ్లకుండా నడికుడి బస్సెక్కింది. పెళ్లికావలసిన పిల్ల, చూసి వెళ్లిన వాళ్ల ఇంటికి తనంతట తాను వెళ్లటం అప్పట్లో మేము విని కూడా ఎరగం. దిగేసరికి వాన పట్టుకుంది. గొడుగు విప్పవే అన్నాను. మనది కాదుగా అని, దాన్ని చంకలో పెట్టుకుని, క్వార్టర్లు ఎటని ఎవరినో అడిగి ముందు నడిచింది.

తలుపు తీసింది అబ్బాయి తల్లి. మమ్మల్ని గుర్తుపట్టటానికి ఆవిడకు కాసేపు పట్టింది. "చేతిలో గొడుగు పెట్టుకుని ఇట్టా తడిసొచ్చారేందమ్మా?" అంది.

"ఇది మీదండీ. మా ఇంట్లో మర్చిపోయారు."

ఆవిడ గొడుగు తీసుకుని, మా ఆయన ఎక్కడ పడితే అక్కడ వదిలేసి వస్తాడు, ఇది ఎక్కడ పోయిందా అని ఇల్లంతా వెతికాం అని నొచ్చుకుంది. అన్నాళ్లూ మేము కొక్కేనికి తగిలించి కాపాడిన ఆశకు ఉన్న బలం అంత. అక్క మొహం ఒక్క క్షణం పాలిపోయింది. ఆ తర్వాత, మా నాన్న మిమ్మల్ని అడగలేక స్టేషన్లో టీలు తాగి వస్తున్నాడని, ఇష్టం లేకపోతే ఆ ఒక్క మాట చెబితే చాలని, మేమేమీ అనుకోమని, తడబడకుండా చెప్పింది.

ఆవిడ కొంగుతో చేతులు తుడుచుకుంది. "మావోడికి మేనమామ కూతుర్నే ఖాయం చేసుకున్నాం తల్లీ. ఆ మాట చెబితే మీ మనసు చానా కష్టపడుద్దని ఊరుకున్నాం."

"చెప్పకపోతేనే కష్టపడిందండీ" అంది అక్క.

ఆవిడ బలవంతం చేసి కాఫీ ఇచ్చింది. అక్క గ్లాసు ఖాళీ అయ్యేదాకా తాగి, వెళ్లొస్తామని చెప్పి మరీ బయటికొచ్చింది. బస్సులో కిటికీ వైపు తిరిగి ఏడ్చింది. అతను నచ్చాడు కాబట్టి ఏడ్చింది, ఇన్నాళ్లు ఎదురుచూసినందుకు కోపంతోనూ ఏడ్చింది, నాకు ఆ రెండూ తెలుస్తూనే ఉన్నాయి. గురజాలలో దిగి మొహం కడుక్కుని, దారాలు కొని, బస్టాండు పక్కన వేడి పునుగులు తింది. నాకంటే ఎక్కువే తింది.

ఇంట్లో రభస జరిగింది, పరువు తీశావని నాన్న కొన్నాళ్లు అక్కతో మాట్లాడలేదు. కానీ ఆ వారమే కొత్త గొడుగు కొనుక్కున్నాడు, అమ్మ ఉప్మా చేసింది. మాచర్ల వాళ్లు శ్రావణంలోనే వచ్చారు. అలా వెళ్లి అడిగొచ్చిన పిల్ల రేపు నన్నూ నిలదీస్తుందేమోనని భయపడుతూనే చేసుకున్నానని బావ చివరిదాకా అంటూ ఉండేవాడు.

ఇదంతా మనవరాలికి చెప్పాను. ఆ పిల్ల విని, అతనికి ఆఫీసులో పని ఎక్కువై ఉంటుంది చిన్నమ్మమ్మా, ఫోను పోయిందేమో కూడా అంది. అచ్చం మా నాన్న. ఇంతసేపూ చిక్కుళ్లు ఒలుస్తున్న అక్క, చాట పక్కన పెట్టి, మోకాళ్లు పట్టుకుని లేచింది.

"ఆ పిల్లాడి ఇల్లు యాడే? పద, నేనొస్తా."

పుణెలో ఎక్కడో ఉంటాడట. ఏ వీధో తెలియదు, అమ్మానాన్నలది ఏ ఊరో చెప్పాడు గానీ ఇల్లు తెలియదు. అక్క, పోనీ అతని వస్తువు ఏదైనా నీ దగ్గరుందా అని అడిగింది. ఫోటోలున్నాయని పిల్ల ఫోను చూపించింది. అక్క కళ్లజోడు పెట్టుకుని వాటిని ఒక్కొక్కటే చూసి, ఫోను తిరిగి పిల్ల చేతిలోనే పెట్టింది.

అప్పటి వాళ్లు మంచివాళ్లని నేను అనను. చెప్పకుండా ఊరుకోవటం వాళ్లకూ తెలుసు, ఎదురుచూసే వాళ్లు అప్పుడూ నాన్నలాగో అమ్మలాగో నలిగిపోయారు. కాకపోతే రెండు బస్సులు మారితే ఒక తలుపు ఉండేది, కొడితే ఎవరో ఒకరు తీసి, కాఫీ ఇచ్చి, వద్దని చెప్పేవాళ్లు. అక్క మళ్లీ చిక్కుళ్ల ముందు కూర్చుంది. పిల్ల మళ్లీ ఫోను వంక చూసుకుంటోంది. తీసుకెళ్లి ఇవ్వటానికి మా అక్కకు అప్పుడు ఒక గొడుగన్నా ఉండేది.