మొదటి మాట అందించే అన్నమ్మ

గరివిడి మాంగనీసు ఫ్యాక్టరీలో ఏళ్ళ తరబడి పనిచేసినవాడి మడమ పగుళ్ళలో నల్లపొడి ఉండిపోతుంది. ఎంత తోమినా వదలదు. ఊళ్ళు పట్టుకు తిరిగిన నలభై ఏళ్ళలో మనుషుల్ని ముందు పాదాలను బట్టీ చేతులను బట్టీ పోల్చుకోవడం నాకు అలవాటైంది. ఉప్పుమళ్ళలో దిగేవాళ్ళ అరికాళ్ళు తెల్లగా నానిపోయి ఉంటాయి. పలాస వైపు జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్ళ వేళ్ళ చివర్లు కాలినట్టు నల్లబడతాయి. అబ్రహాం ఫర్నేసు వదిలి పద్దెనిమిదేళ్ళయినా అతని మడమలు నల్లగానే ఉండేవి. చివరికి ఫ్యాక్టరీ ఆ మడమల్లోనే మిగిలింది, అతని బుర్రలో మిగల్లేదు. కానీ నేను చెప్పబోయేది అతని భార్య అన్నమ్మ సంగతి.

2016 వానాకాలంలో బొబ్బిలి బస్సు దిగుతూ జారిపడి నా మోకాలిచిప్ప పగిలింది. తిరగడం మానేస్తే చచ్చిపోతాననుకున్నవాణ్ణి, చావకుండానే ఏడు నెలలు ఒక్కచోట కూర్చున్నాను. ఆ చోటు చీపురుపల్లి రోడ్డు మీద, పాత క్రైస్తవ మిషను కాంపౌండులో నడిచే ఒక వృద్ధుల నివాసం. గోడ అవతల కాలేజీ ఉంది. అంతకు ముందు ఏడాది రెండింటికీ ఒప్పందం కుదిరి, గోడ పగలగొట్టి గేటు పెట్టారు. ముసలివాళ్ళు ఆ గేటు దాటి వెళ్ళి ఇష్టమైన క్లాసులో వెనక బెంచీ మీద కూర్చోవచ్చు. కాలేజీ పిల్లలు ఇవతలికి వచ్చి ముసలివాళ్ళ దగ్గర వారానికో గంట పాఠం వినాలి. దాని పేరు అనుభవ పాఠం. పిల్లలకి దానికి మార్కులు కూడా ఉన్నాయి.

ఆలోచన మంచిదే. పుస్తకాల్లో లేని చదువు ముసలి చేతుల్లో ఉంటుందని పెద్దపెద్దవాళ్ళు రాయగా చదివాను, నమ్మాను కూడా. మా వరసలో చివరి గదిలో ఉండే లక్ష్మణమ్మ మెరకముడిదాం వైపు రైతు మనిషి. ఏ గింజ మొలుస్తుందో పంటికింద పెట్టి చెప్పగలదు. ఆవిడ ఒకరోజు కంప్యూటరు క్లాసుకి వెళ్ళొచ్చి, "ఓలమ్మా, ఆ పంతులు సెప్తుంటే ముందు బెంచీవోడే గుర్రెడతన్నాడు. నాను పొలంగట్టు మీద మాటాడితే ఎడ్లు కూడా ఇనీవి!" అంది. అందరం నవ్వాం. పిల్లలు ఆవిడని క్లాసుకి రమ్మని బతిమాలేవారు.

అయితే ఒప్పందంలో ఒక షరతుంది. పాఠం చెప్పలేని, క్లాసులో కూర్చోలేని స్థితికి వచ్చినవాళ్ళని అక్కడ ఉంచరు. అది ఆసుపత్రి కాదు. బంధువులుంటే తీసుకుపోవాలి. లేనివాళ్ళని విశాఖపట్నంలో ఒక ఆశ్రమానికి పంపుతారు. అక్కడ మగవాళ్ళ హాలు వేరు, ఆడవాళ్ళ హాలు వేరు, మధ్యలో తాళం వేసిన తలుపు. నూకయ్య అనే రిటైరైన డ్రిల్లు మాస్టరు ఒక పొద్దున్న లాగు వేసుకోవడం మరిచిపోయి గ్రౌండులోకి వెళ్ళాడు. వారం తిరక్కుండా అతన్ని ఆటో ఎక్కించారు. ఆ ఆటో మలుపు తిరిగేదాకా అన్నమ్మ గేటు పట్టుకుని నిలబడింది.

అన్నమ్మకీ అబ్రహాముకీ పెళ్ళై యాభై రెండేళ్ళు. పిల్లల్లేరు, పిలిస్తే వచ్చే చుట్టాలూ లేరు. ఆవిడ అతనికి మేనమామ కూతురు. అప్పటికీ బావా అనే పిలిచేది.

అబ్రహాం ఒకప్పుడు ఫర్నేసు మేస్త్రీ. మాంగనీసు రాయిని కరిగించే కొలిమి దగ్గర ముప్పై నాలుగేళ్ళు నిలబడ్డాడు. ఇనప కడ్డీ కొలిమిలో ముంచి పైకి తీసి, దానికి అంటుకున్న చిట్టెం, అంటే కరిగిన రాయి మీద తేలే మడ్డి, ఎలా సాగుతుందో చూసి, లేబరేటరీ కాగితం రాకముందే లోపల ఏం తక్కువైందో చెప్పేవాడట. మొదటి ఏడాది అతని పాఠానికి చోటు దొరికేది కాదని త్రినాథ్ అనే డిప్లొమా కుర్రాడు నాతో చెప్పాడు. అబ్రహాం వంటింట్లోంచి బెల్లం పాకం మూకుడుతో తెప్పించి, గరిటె ఎత్తి తీగ లాగి చూపించి, "ఇదేరా చిట్టెం. మీ మామ్మకి తెలిసినంత మీ ఇంజనీరుకి తెలీదు" అనేవాడట. పిల్లలు పాఠం విని పాకం కూడా నాకేసి వెళ్ళేవాళ్ళట.

నేను వెళ్ళేసరికి అబ్రహాం ఆ పాత మనిషి కాడు. క్యారేజీ పట్టుకుని బి-షిఫ్టుకి టైమైందని గేటు దగ్గర నిలబడేవాడు. అన్నమ్మ వెళ్ళి, "ఇయ్యాల సెలవు బావా, నోటీసు పెట్టేరు" అని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చేది. దారిలో ఎవరైనా ఎదురైతే, "వాకింగు" అనేది.

అన్నమ్మ నలభై ఏళ్ళు బాప్టిస్టు చర్చిలో ఆదివారం బడి నడిపింది. ఆ బడిలో పసిపిల్లలకి బైబిలు వాక్యం కంఠతా పట్టించే పద్ధతి ఒకటుంది. వాక్యాన్ని ముక్కలు చేస్తారు. ప్రతి ముక్కకీ మొదటి మాట టీచరు అందిస్తుంది, మిగతాది పిల్లవాడు పూర్తిచేస్తాడు. టీచరు తొడ మీద వేలితో తాళం వేస్తుంది. చివర్న అధ్యాయం, వచనం అంకెలతో సహా చెప్పి, కళ్ళు మూసుకుని ఆమేన్ అనాలి. అప్పుడు చాచిన చేతిలో పిప్పరమెంటు బిళ్ళ పడుతుంది. చదువురాని పిల్లలు కూడా ఆ పద్ధతిలో పేజీలకి పేజీలు ఒప్పజెప్పడం నేను విన్నాను. అన్నమ్మ తన మొగుడికి అతని సొంత పాఠాన్నే ఆ పద్ధతిలో నేర్పడం మొదలుపెట్టింది.

మధ్యాహ్నం అందరూ నడుం వాల్చిన వేళ వంటింటి వెనక మెట్ల మీద కూర్చునేవాళ్ళు. నా కిటికీ అటే.

"ఫర్నేసు," అని అందించేది అన్నమ్మ.

"ఫర్నేసు మాటాడతాది. గుయ్యిమంటే ఆకలి మీదున్నాది. బొయ్యిమంటే కడుపు నిండినాది."

"కడ్డీకి."

"కడ్డీకి అంటిన సిట్టెం..." అని ఆగి ఆవిడ నోటివైపు చూసేవాడు.

"తీగ."

"తీగ సాగితే సున్నం సాల్నేదు. పుటుక్కున ఇరిగితే సున్నం ఎక్కువైంది."

"సెబాసు! మరి పిల్లలు పెశ్న ఏస్తే ఏటి సేస్తావు?"

"ఏటి సేయాల?"

"దగ్గాల. నాను నీల్లట్టుకొస్తాను. నువ్వు తాగీలోగా గంట కొట్టెస్తారు."

అతను గట్టిగా దగ్గి చూపించేవాడు. ఇద్దరూ నవ్వేవాళ్ళు. ఆవిడ కొంగుముడి విప్పి అతని చేతిలో బెల్లం ముక్క పెట్టేది.

గురువారం పాఠంలో అన్నమ్మ విసనకర్రతో పక్కనే కూర్చునేది. వారం తర్వాత వారం అదే పాఠం, అక్షరం తేడా లేకుండా. త్రినాథ్ ఒకసారి ఉండబట్టలేక, "మామ్మా, పోయిన వారం కూడా ఇదే చెప్పాడు గదా తాత?" అన్నాడు.

"ఒరే, పోయిన వారం అన్నం తిన్నావా? ఈ వారం మానీసేవా?"

క్లాసంతా గొల్లుమంది. త్రినాథ్ మళ్ళీ అడగలేదు. వాడికి తెలిసిపోయిందనే నేననుకుంటాను. ఆ గురువారం నుంచి వాడు ప్రశ్న వేయబోయిన పిల్లల్ని మోచేత్తో పొడిచేవాడు.

వార్డెను పద్మకుమారితో చెప్పెయ్యమని నేనొకసారి అన్నమ్మకి సలహా ఇచ్చాను. తిరిగేవాళ్ళకి సలహాలివ్వడం తేలిక. ఆవిడ బియ్యంలో రాళ్ళేరుతూ తలెత్తకుండా, "మీకేటి మేస్టారూ, మోకాలు బాగైతే ఎలిపోతారు. నాను పక్కన నేపోతే ఆ మడిసి అన్నం ముద్ద నోట్లో పెట్టుకుని నవలడం మర్సిపోతాడు. తాళం ఏసిన తలుపుకి అవతల కూకుని నమలమని కేకెయ్యనా?" అంది.

జనవరిలో ఒప్పందం పొడిగించాలా వద్దా అని చూడటానికి బయటినుంచి ముగ్గురు సభ్యుల కమిటీ వచ్చింది. కాలేజీవాళ్ళు గర్వంగా చూపించిన మొదటి పాఠం అబ్రహాముది. తెల్ల చొక్కా, నూనె రాసి దువ్విన తల. పద్మకుమారి ముందు వరసలో, నేను చేతికర్రతో తలుపు దగ్గర.

చాలా బాగా చెప్పాడు. ఎక్కడా ఆగలేదు. అన్నమ్మ విసురుతూ విసురుతూ మొదటి మాటలు పెదవులతోనే అందించింది, శబ్దం కూడా అక్కర్లేకపోయింది. సున్నం ఎక్కువైందన్న చివరి ముక్క అయిపోయింది. కమిటీలో పెద్దాయన చప్పట్లకి చేతులెత్తాడు. అన్నమ్మ మొహంలో వెలుగు అప్పుడొకసారి చూశాను.

అబ్రహాం అప్పుడు లేచి నిలబడ్డాడు. చేతులు కట్టుకున్నాడు. చిట్టెం పాఠానికి చివర అధ్యాయం అంకె, వచనం అంకె స్పష్టంగా చెప్పాడు. కళ్ళు మూసుకుని ఆమేన్ అన్నాడు. ఆ మూసుకున్న కళ్ళతోనే కుడిచెయ్యి అన్నమ్మ వైపు చాపాడు.

చెయ్యి అలాగే ఉంది.

"ఏం కావాలి తాతగారూ?" అన్నాడు పెద్దాయన మెత్తగా.

"బిళ్ళ."

"ఇవాళ మాకు ఏం పాఠం చెప్పారండీ?"

అబ్రహాం కళ్ళు తెరిచి అన్నమ్మ నోటివైపు చూశాడు. అతను దగ్గవలసిన చోటు అది. దగ్గలేదు. అన్నమ్మే దగ్గడం మొదలుపెట్టింది. కళ్ళమ్మట నీళ్ళు కారేదాకా, త్రినాథ్ గ్లాసు పట్టుకుని పరిగెత్తుకొచ్చేదాకా దగ్గింది. గంట మాత్రం కొట్టలేదు.

మర్నాడు పద్మకుమారి పిలిపించింది. ఆవిడ చెడ్డ మనిషి కాదు, కుర్చీ లాగి కూర్చోబెట్టింది. తోడుగా రమ్మని అన్నమ్మ అడిగితే నేనూ వెళ్ళాను.

"రెండు మంచాలొద్దమ్మా," అంది అన్నమ్మ ముందే. "ఒకటి తీసీండి. నాను కిందే తొంగుంటాను. పాఠం నాను సెప్తాను. ఆయన పక్కన కూకుంటాడు, అంతే."

"మంచం గురించి కాదు అన్నమ్మగారూ," అంది పద్మకుమారి, "పెద్దవాళ్ళు ఒక దారి చెప్పారు." కాలేజీవాళ్ళదే నర్సింగు స్కూలుంది. మతి తప్పుతున్న మనిషిని దగ్గరుండి చూసి నేర్చుకోవడానికి అక్కడి పిల్లలకి ఎవరూ దొరకడం లేదు. అబ్రహాం అందుకు పనికొస్తాడు. పాఠం చెప్పేవాడుగా కాదు, కేసుగా. ప్రతి గురువారం వచ్చి ప్రశ్నలడిగి అతని జవాబులకి మార్కులు వేసుకుంటారు. ఒకటే నిబంధన: ఇంటివాళ్ళు పక్కనుండవచ్చు గానీ మాటగానీ సైగగానీ అందించకూడదు. అందిస్తే లెక్క చెడుతుంది, చోటు పోతుంది.

అన్నమ్మ కాగితం రెండుసార్లు చదివింది. సంతకం పెట్టేముందు ఒక్కటే అడిగింది.

"మార్కులు బాగా వస్తే?"

"రావు అన్నమ్మగారూ," అంది పద్మకుమారి.

నేను అక్కణ్ణించి బయల్దేరేముందు వారం, గురువారం పదకొండు గంటలకి, నర్సింగు పిల్ల ఈశ్వరి వాళ్ళ గదికి వచ్చింది. భోగాపురం దగ్గరి ఊరు ఆ పిల్లది. ఊరు విమానాశ్రయం కింద పోతుందో మిగులుతుందో తెలియనివాళ్ళలో ఒకర్తె. నేను తలుపు అవతల వరండాలో పడక్కుర్చీలో ఉన్నాను.

"తాతా, మూడు మాటలు చెప్తాను. కాసేపాగి మళ్ళీ అడుగుతాను, చెప్పాలి. అరటిపండు, తాళం, గొడుగు."

అతను బుద్ధిగా తలూపాడు. ఏ నెల అని అడిగింది. ఏ ఊరని అడిగింది. గడియారం బొమ్మ వెయ్యమంది. తర్వాత, "ఇందాకటి మూడు మాటలు చెప్పు తాతా," అంది.

అబ్రహాం అన్నమ్మ వైపు తిరిగాడు.

అన్నమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఉంది. తాళం వేసే చేతిని తొడ కింద పెట్టి దాని మీద కూర్చుంది. అతను ఆ నోటివైపే చూస్తున్నాడు. మెట్ల మీద చూసినట్టే, నమ్మకంగా, తొందర లేకుండా.

"మొదటి మాట సెప్పవే," అన్నాడు.

ఆవిడ చెప్పలేదు.

"ఒసే, మొదటిది అందియ్యే. మిగతాది నాకొచ్చు."

అన్నమ్మ తల కూడా ఊపలేదు. ఊపినా సైగే అవుతుంది. ఈశ్వరి చాలాసేపు, రూలులో ఉన్నదానికన్నా ఎక్కువసేపే ఆగింది. తర్వాత కాగితం మీద సున్నా చుట్టి, ఇద్దరికీ దణ్ణం పెట్టి వెళ్ళిపోయింది.

ఆ పిల్ల చెప్పుల చప్పుడు గేటు దాటింది. అన్నమ్మ నోట్లోంచి కొంగు తీసింది.

"అరటిపండు," అంది చిన్నగా.

"తాళం, గొడుగు," అన్నాడు అబ్రహాం. అని, కళ్ళు మూసుకుని చెయ్యి చాపాడు.

అన్నమ్మ దిగ్గున లేచింది. వరండాలోకి వచ్చి అటూ ఇటూ చూసింది. నేను ఒక్కణ్ణే ఉన్నానని చూసుకుని, కొంగుముడి విప్పుకుంటూ లోపలికి వెళ్ళి తలుపు గడియ పెట్టింది.